బావ ముందరి పన్ను

బావ పంటి మీద ఆ ఎరుపును మొదట చూసింది మా అక్క. ఒక ఉదయం వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్న బావ గడ్డం పట్టుకుని మొహాన్ని ఎండలోకి తిప్పి, "ఈ పన్ను ఇట్లుండాదేంది?" అంది. పై వరసలో ఎడమవైపు ముందరి పన్ను. చిగుళ్ళకు కాస్త దిగువన, కందిగింజంత గులాబి మచ్చ.

బావ వేలితో రుద్ది చూసి నవ్వాడు. "ఆకు వక్క మచ్చలే. నా నోరు కాళీగా ఉండేది ఎప్పుడని?"

నేనూ వంగి చూసి అదే మాట అన్నాను. అప్పటికి నాకు నిజంగా తెలియదు. ఆ ఒక్కరోజు వరకూ నా తప్పేమీ లేదు. ఆ తర్వాత జరిగినదాంట్లో ఈ మాట మళ్ళీ అనుకునే వీలు నాకు లేదు.

మాది మేళం వాయించే ఇల్లు. తిరుపతి ఊరి అంచున ఉండేవాళ్ళం. అవి యుద్ధం రోజులు, బస్సులు బొగ్గుతో నడిచేవి. బియ్యం దొరకడమే కష్టమై పెళ్ళి భోజనాలు చిక్కిపోయినా మేళం లేకుండా ఎవరూ తాళి కట్టించుకోలేదు. మాకు పని ఆగలేదు. ముందు నాదస్వరం బావది. పక్క నాదస్వరం నాది. అంటే ఆయన రాగం ఎత్తుకుంటే నేను ఆయన వెనకాలే నడవాలి. ఆయన ఊపిరి తీసుకునేటప్పుడు ఆ సందు నింపాలి. మళ్ళీ ఆయన అందుకోగానే తగ్గిపోవాలి. డోలు వాయించేది మాకు వరసకు మామ అయ్యే పెద్దాయన.

మా ఇద్దరికీ విద్య నేర్పింది మా నాయనే. బావ చిన్నప్పుడే గూడూరు వైపు నుంచి మా ఇంటికి శిష్యుడిగా వచ్చాడు. నాయన ఆయనకు మొదట విద్య ఇచ్చాడు, తర్వాత అక్కను ఇచ్చాడు. కడపట, మంచంలో ఉండి, గోడకు తగిలించిన తన నల్లచేవ కర్ర నాదస్వరాన్ని దించమని నాతో అన్నాడు. నేనే దించాను. నాకే ఇస్తాడనుకుని తువ్వాలతో దుమ్ము కూడా తుడిచాను. "మీ బావ చేతికియ్యి" అన్నాడు.

ఆ రోజు నుంచే నాలో అసూయ మంట మొదలైందని చెప్పుకుంటే కొంచెం మర్యాదగా ఉంటుంది. కానీ అంతకు చాలా ముందే ఉంది. తెల్లవారుజామున ఇద్దరం సాధన చేసేవాళ్ళం, ముందు నేను, తర్వాత ఆయన. అక్క పెరట్లో రాగులు విసురుతూ ఉండేది. నేను వాయిస్తున్నంతసేపూ తిరగలి తిరుగుతూనే ఉండేది. ఆయన రెండు స్వరాలు పలికించగానే ఆగిపోయేది. ఆ ఆగడం నాకు స్పష్టంగా వినిపించేది. ఒకసారి ఒక ఊళ్ళో బావకు జరీ ఉత్తరీయం కప్పి, పక్కనే ఉన్నాను కదా అని నా చేతికో కొబ్బరికాయ ఇచ్చారు. ఆ కాయతో అక్క పచ్చడి చేసింది. నేను ముట్టకపోతే, "యాల తినవురా? కారమెక్కువైందా?" అని అడిగింది. నేను మజ్జిగ పోసుకుని లేచిపోయాను.

బావ మంచివాడు కాకపోయి ఉంటే నాకు ఎంతో సుఖంగా ఉండేది.

ఆ పంటికి అంతకు కొన్నేళ్ళ ముందు ఒక దెబ్బ తగిలింది. జాతర ఊరేగింపులో నడుస్తూ వాయిస్తుంటే జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఎవరి భుజమో నాదస్వరం కింద గరాటులా ఉండే అనసుకు గట్టిగా తగిలింది. వాద్యం మొత్తం వెనక్కు వచ్చి బావ నోటికి కొట్టుకుంది. పెదవి చీలింది. పన్ను కొన్నాళ్ళు కదిలి, మళ్ళీ నిలబడిపోయింది. అందరం మరిచిపోయాం. మేళగాళ్ళకు అట్లాంటి దెబ్బలు మామూలే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాదస్వరం పైకొసన రెల్లుతో చేసిన చిన్న పీక ఉంటుంది. దాన్ని పట్టేది పెదవులే కానీ, ఆ పెదవుల వెనక ముందరి పళ్ళు గోడలాగా నిలవాలి. అక్కడ సందు పడితే పెదవి లోపలికి జారుతుంది, గాలి పక్కకు పోతుంది. మంద్రంలో ఎట్లాగో నెట్టుకొస్తారు. పైస్థాయిలో స్వరం నిలవదు. ఆ ఒక్క పన్ను పోతే బావ ముందు వాయించలేడు. ఇది మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

అక్క ఆ మచ్చ చూసిన కొద్దికాలానికి నాకు దవడపన్ను నొప్పి పట్టుకుంది. లవంగం పెట్టాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను. దవడ వాచి పీక పట్టుకోవడం కూడా కష్టమయ్యాక అక్క బలవంతం మీద రైలెక్కి, పాకాలలో బండి మారి, చిత్తూరు పోయాను. అక్కడ ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. వేలూరు వైపు మనిషి. తెలుగు, అరవం కలిపి మాట్లాడేవాడు. కాలితో తొక్కితే తిరిగే మిషను, లవంగనూనె వాసన, కిటికీ ఎదురుగా పెద్ద కుర్చీ.

ఆయన నా పన్ను పీకి, కడిగి, తెల్లగుడ్డ మీద పెట్టి చూపించాడు. దాని రెండు వేర్లలో ఒకటి నిండుగా ఉంది. రెండోది సగంలోనే అరిగిపోయి, ఎలుక కొరికిన చెక్కలాగా ఉంది.

"పురుగు తినిందా సార్?" అన్నాను, నోటినిండా దూదితో.

"పురుగూ లేదు, గిరుగూ లేదు. దీని ఎనక జ్ఞానదంతం అడ్డంగా పండుకోనుండాది. అది ఒత్తి ఒత్తి దీని వేరు కరిగిపోయింది. పిల్లకాయలకు పాలపళ్ళు ఊడతాయి గదా, ఆ పన్ను చూసినావా ఎప్పుడైనా? వేరే ఉండదు. కింద నుంచి కొత్త పన్ను వస్తా ఉంటే ఒళ్ళే ఆ వేరును కరిగించేస్తాది. పిల్లకాయలకు అది మంచిదే. పెద్దోళ్ళకు జరిగితే పన్ను పోయినట్టే."

మనిషి చెప్పడంలో సరదా ఉన్నవాడు. బీరువాలోంచి ఒక సీసా తీశాడు. అందులో నిలువుగా కోసిన పన్ను ఉంది. లోపలంతా గుల్ల.

"ఇది ఇంగో రకం. ఇది బయట నుంచి కాదు, లోపల నుంచి. పంటి నడుమ మెత్తటి గుజ్జు ఉంటాది, నెత్తురూ నరమూ. ఎప్పుడో ఒక దెబ్బ తగులుతాది, మనిషి మరిచిపోతాడు. ఆ గుజ్జే నిదానంగా తన చుట్టూ ఉండే పంటిని తినడం మొదలుపెడతాది. నొప్పి ఉండదు, ఏమీ ఉండదు. గోడ పలచబడినాక లోపలి ఎరుపు బయటికి తెలుస్తాది. గులాబి రంగు మచ్చ మాదిరి."

ఆ మాట వింటూ నన్ను గురించి నేను ఆలోచించుకున్నానంటే అబద్ధం. నేను బావను గురించే ఆలోచించాను.

"మా బావకు ఉండాది సార్ అట్లా. ముందరి పన్ను. ఆకు మచ్చ అనుకున్నాము."

డాక్టరు చేతులు తుడుచుకోవడం ఆపాడు. "దెబ్బ తగిలిందా ఎప్పుడైనా?"

చెప్పాను. బావ ఏం పని చేస్తాడో కూడా చెప్పాను.

"అట్లయితే వెంటనే పిల్చుకొని రా. ఇప్పుడైతే లోపలి నరం తీసేసి, మందు పెట్టి మూసేస్తే తినడం ఆగిపోతాది. పన్ను నిలుస్తాది. గోడకు బొక్క పడినాక వస్తే నా చేతిలో ఏమీ లేదు. అప్పళం కొరికినా విరుగుతాది."

తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చున్నాను. బావకు ఈ మాట చెప్పకూడదని నేను ఎప్పుడూ నిర్ణయించుకోలేదు. ఇంటికి పోగానే చెప్పాలనుకున్నాను. పాకాల దాటాక, నోరు నొప్పిగా ఉంది, రేపు చెబుదామనుకున్నాను. చంద్రగిరి దగ్గరికి వచ్చేసరికి, డాక్టరు చూడకుండా చెప్పిన మాట ఎంతవరకు నిజం, అనిపించింది. ఇంటికి చేరేసరికి, బావ లేకుండా ముందు వాయించేది నేనే కదా అన్న ఆలోచన నా పక్కన కూర్చుని ఉంది. దాన్ని నేను పిలవలేదు. లేచి పొమ్మనీ అనలేదు.

బావ నాకోసం గంజి చల్లార్చి పెట్టించాడు. "నొప్పి తగ్గిందా అబ్బా? ఏమన్నాడు డాక్టరు?"

"పక్క పన్ను ఒత్తుకోని వేరు కరిగిపోయిందంట."

"పక్క పన్నే తినేసిందా! చూసినావా మే, పక్కనుండేటోళ్ళతో ఎంత జాగర్తగా ఉండాలో!" అని అక్క వైపు తిరిగి నవ్వాడు.

అక్క నవ్వలేదు. "ఈయప్పను కూడా పిల్చుకొని పోయుంటే బాగుండు. ఆ మచ్చ చూపిచ్చేటోళ్ళము."

అప్పుడు నేను అన్న మాట ఇది: "ఆకు మచ్చకు చిత్తూరు దాకా ఎందుకక్కా. ఆకు మానేస్తే అదే పోతాది."

ఇన్నేళ్ళుగా ఎన్నో రకాలుగా తిప్పి చూశాను. ఆ మాటకు ఏ వైపునుంచీ నీడ దొరకలేదు.

బావ ఆకు మానేశాడు. అది ఎంత కష్టమో మేళగాళ్ళకే తెలుస్తుంది. పెళ్ళివారు తట్టలో తాంబూలం తెచ్చి ముందు పెడితే ఆయన చేతులు కట్టుకుని కూర్చునేవాడు. డోలు మామ తన వాటాతోపాటు ఆయన వాటా కూడా నమిలి, "పెండ్లికొడుక్కి కాళ్ళకు పారాణి పూస్తారు, నీకు పంటికి పూసినారేందప్పా!" అని ఏడిపించేవాడు. బావ బొగ్గుపొడి, ఉప్పు కలిపి పొద్దున, సాయంత్రం తోమేవాడు. చిగుళ్ళు నెత్తురు కారేవి. మచ్చ పోలేదు. పెద్దదవుతూ వచ్చింది.

"ఆకు మానేసినాంక ఇంకా ఎర్రబడిందే!" అన్నాడు మామ ఒకనాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

వాన కోసం రైతు మబ్బును చూసినట్టు ఆ మచ్చను చూసేవాణ్ణి. ఆయన మాట్లాడుతుంటే మాట వినేవాణ్ణి కాదు, పన్ను చూసేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఎవరికీ చెప్పకుండా స్వర్ణముఖి ఏటి ఇసుకలోకి పోయి, బావకు పేరు తెచ్చిన తోడిని నేను సాధన చేయడం మొదలుపెట్టాను. పక్కవాడికి రాగం ఎత్తుకునే పని లేదు.

ఆ ఏడు వేసవిలో శ్రీకాళహస్తి దగ్గర ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్ళి. పొద్దున ముహూర్తానికి బావ వాయించిన తోడి విని పందిట్లో వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఎవరో, "ఆ పక్కనాయన కూడా బాగనే వాయిస్తాడు" అన్నారు. ఆ 'కూడా' నన్ను మధ్యాహ్నం దాకా కుట్టింది.

భోజనాల పంక్తిలో బావ నాకు ఎదురుగా కూర్చున్నాడు. పప్పన్నంలోకి అప్పడం తీసుకుని కొరికాడు. చిన్న చప్పుడు. అప్పడం చప్పుడే అనుకున్నారు అందరూ. ఆయన మాత్రం నమలడం ఆపి, నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. కోడిగుడ్డు పెంకులాంటి పలచటి ముక్క, లోపలివైపు ఎర్రగా. పెదవి మీద నెత్తురు.

"ఓరి నీ! అప్పళం పన్నును ఇరిచిందిరా!" అని మామ పకపకా నవ్వాడు. ఆ తర్వాత ఆయనకే అర్థమై నవ్వు ఆగిపోయింది. సాయంత్రం ఊరేగింపు ఉంది.

సాయంత్రం ముందు నేను నిలబడ్డాను. బావ తువ్వాల నోటికి అడ్డం కట్టుకుని, నా పక్కన తాళం పట్టుకున్నాడు. తోడి ఎత్తుకున్నాను. ఇసుకలో అన్నాళ్ళు పలికిన రాగం ఊరేగింపులో జనం మధ్యకు వచ్చేసరికి పైస్థాయి దగ్గర దారి తెలియక అక్కడక్కడే తిరిగింది. చెమటలు పట్టాయి. అప్పుడు నా చెవి పక్కన, తువ్వాల లోపలి నుంచి, నెత్తురు నోటితో బావ సన్నగా రాగంలో తర్వాతి మలుపు పాడాడు. నేను అందుకున్నాను. మళ్ళీ ఆగాను. మళ్ళీ పాడాడు.

"ఆయన పాడిచ్చేది, ఈయన ఊదేది" అన్నాడు వెనక నుంచి దివిటీ పట్టుకున్న మనిషి. "వాద్యం ఈయనది, రాగం ఆయనది!"

నేను అన్నాళ్ళు ఎదురుచూసిన చోటు అదే. అక్కడ నిలబడి కూడా, నోట్లో ఊరే నెత్తురు మింగుతూ నన్ను నిలబెడుతున్న మనిషిని చూసి ఓర్వలేకపోయాను.

ఇంటికి వచ్చాక అక్క ఆ పెంకును చూసి ఏడ్చింది. తర్వాత నాతో, "నీ పన్ను తీసిన డాక్టరు దగ్గరికి రేపే పిల్చుకొని పో. ఇల్లు నీకు తెలుసు గదా" అంది. ఏం చెప్పి తప్పించుకోను? బావతో రైలెక్కాను. దారి పొడుగునా ఒకటే మొక్కుకున్నాను, డాక్టరు నన్ను గుర్తుపట్టకూడదని.

ఆయన బావను కుర్చీలో వెనక్కు వాల్చి, నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి చూశాడు. చూస్తూనే, తల తిప్పకుండా, "నువ్వు మేళగాడివి గదా అప్పా? ఆ వేరు కరిగిన పన్ను నీదే గదా?" అన్నాడు.

నేను గుమ్మం వైపు ఒక అడుగు జరిగాను.

"ఈయనేనా నీ బావ? అప్పుడే పిల్చుకొని రమ్మంటి గదయ్యా. అంత చెప్పి పంపిస్తిని. అప్పుడు వచ్చుంటే ఈ పన్ను నిలిచేది. ఇప్పుడు లోపల నుంచి తిని తిని బయటికి బొక్క పడిపోయింది. వేరు కూడా తీసేయాల్సిందే."

బావ నోట్లో అద్దం ఉంది, డాక్టరు వేళ్ళు ఉన్నాయి. ఆయన మాట్లాడలేడు. తల కూడా తిప్పలేడు. కళ్ళు మాత్రం పక్కకు జరిపి నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే తలొంచుకునేవాణ్ణి. దారిలో ఎవరో తెలిసినవాణ్ణి చూసి, వాడేనా కాదా అని అనుమానపడినట్టు చూశాడు.

వేరు తీయడానికి చాలాసేపు పట్టింది. నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను.

తిరుగు ప్రయాణంలో ఆయన నోటినిండా దూది. నేను రెండుసార్లు "బావా" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పాకాలలో బండి మారేటప్పుడు పట్టాల పక్కకు పోయి, దూది తీసి ఉమ్మి, నీళ్ళు పుక్కిలించి వచ్చాడు. పెదవి అప్పటికే లోపలికి పోయింది, ముసలివాడి నోరులాగా.

"మీ అక్కకు తెలుసునా?" అన్నాడు.

"తెలీదు బావా."

తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు. ఎందుకు చేశావనీ అడగలేదు. అడుగుతాడని చంద్రగిరి దాకా, తిరుపతి దాకా, ఇంటి వీధి మలుపు దాకా ఎదురుచూశాను.

అక్క గడపలోనే ఉంది. "ఏమన్నాడు డాక్టరు?"

నేను నోరు తెరిచాను. చెప్పడానికే తెరిచానని నా నమ్మకం. కానీ నాకంటే ముందు బావ అన్నాడు: "శానా ఆలిస్యం చేసినామన్నాడు."

అందులో అబద్ధం లేదు. అక్క కొంగు నడుముకు దోపుకుని ఆయన మీద పడింది. "ఆ పొద్దే చెప్తి గదా నేను, ఇదేందో చూపిచ్చుకోమని! ఆకు మచ్చంట, ఆకు మచ్చ! నీ ఒంటి మీద నీకే గ్యానం లేకపోతే ఇంగెవురికుంటాది?" ఆయన గోడకు ఆనుకుని కూర్చుని విన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా నోరు ఇంకా కొంచెం తెరిచే ఉన్నట్టు గుర్తు.

కొన్నాళ్ళకు డాక్టరు అంగిలికి అతుక్కునే పలక ఒకటి చేసి, దానికి పన్ను పెట్టి ఇచ్చాడు. మాట్లాడటానికి, నవ్వటానికి అది చాలింది. ఊదితే కదిలేది. బావ రెండు నెలలు పట్టు వదలకుండా ప్రయత్నించాడు. కింది స్వరాలు వచ్చాయి, పైన నిలవలేదు. ఒక ఉదయం నల్లచేవ నాదస్వరాన్ని తుడిచి తెచ్చి నా ఒడిలో పెట్టి, పిల్లలకు పాఠం చెప్పుకుంటానన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ముందు వాయించింది నేనే. బాగానే వాయించానని అంటారు. పెరట్లో తిరగలి ఆగిందో లేదో నేను వినలేదు. వినకుండా ఉండటం నేర్చుకున్నాను.

అక్క మాత్రం ఆ పన్ను సంగతి వదిలిపెట్టలేదు. చుట్టాలు వస్తే చెప్పేది, శిష్యులకు చెప్పేది. "నా మాట ఇన్నుంటే ఈ పొద్దు ఈయప్ప ముందర ఎవురు నిలిచేటోళ్ళు? నిర్లచ్చెం!" అని తిడుతూనే, ఆయనకు నమలడం కష్టమని సంగటి ముద్దను పులుసులో మెత్తగా చిదిమి పెట్టేది. బావ తలొంచుకుని తినేవాడు. నేను ఎదురుగా కూర్చుని, ఈసారి చెబుదాం, ఈ ముద్ద అయ్యాక చెబుదాం అనుకునేవాణ్ణి. అక్క పోయేదాకా చెప్పలేదు. ఆ తిట్లు నాకు రావలసినవి. ఆయన వాటిని తీసుకోవడం, తీసుకున్నాక ఆమె ఆయన కంచంలోకి వంగి ముద్ద చిదమడం చూస్తూ, సిగ్గుకంటే ముందు నాలో లేచింది మళ్ళీ ఆ అసూయే.